దులిపిన బూజు వారానికే తిరిగి రాకుండా: పొడుగుకాళ్ల సాలీడున్న ఇంటికి అంచెలంచెల మార్గదర్శి

"మొన్న ఆదివారమే ఇల్లంతా దులిపాం, అప్పుడే మూల మూలకీ పట్టేసింది." బూజు గురించి ఎవరు అడిగినా మొదటి మాట ఇదే. కారణం చిన్నది. మనం దులిపేది గూడును మాత్రమే. గూడు కట్టేది బీరువా వెనక్కో సజ్జా మీదికో తప్పుకుంటుంది, రాత్రికి రాత్రే కొత్తది మొదలెడుతుంది. దాని తిండి, అంటే దీపం చుట్టూ మూగే పురుగులు, ఎక్కడికీ పోలేదు. కాబట్టి పని మూడు భాగాలు: గూడు తీయడం, సాలీడును పంపడం, తిండి తగ్గించడం. చాలామంది మొదటిదాంతో ఆపేస్తారు. ఆ మొదటిదైనా గోడ పాడుకాకుండా చేయడం అందరికీ రాదు.

## 1. ముందు ఏ సాలీడో చూసుకోండి

మన ఇళ్ల పైకప్పు మూలల్లో బూజు కట్టేది ఎక్కువగా ఒక పొడుగుకాళ్ల సాలీడు. శాస్త్రీయ నామం క్రాసోప్రైజా లయోనై. ఒళ్లు అర సెంటీమీటరు అటూ ఇటూ. కాళ్లు మాత్రం వెంట్రుకల్లా సన్నగా, ఒళ్లుకు ఎన్నో రెట్లు పొడుగ్గా ఉంటాయి. పొట్ట గుండ్రంగా ఉండదు, కాస్త పెట్టెలా ఉండి వెనక చివర మొటిమలా పొడుచుకొస్తుంది. కాళ్ల మీద నల్లటి సన్న చుక్కలు, కీళ్ల దగ్గర ముదురు పట్టీలు కనిపిస్తాయి.

తల కిందులుగా వేలాడుతుంది. పుల్లతో వల అంచు మెల్లగా తాకితే పారిపోకుండా ఒళ్లంతా గిరగిరా ఊపేసుకుంటుంది. ఆ ఊపులో మసకగా తప్ప కనపడదు. అలా ఊగితే ఇదే.

గుర్తుపట్టడం ఎందుకంటే, అన్నిటికీ ఒకే చికిత్స కాదు.

- అరచేయంత పెద్దది, గోడకు చదునుగా అంటుకుని రాత్రిపూట పరిగెత్తేది: వల కట్టదు. బొద్దింకల్ని వేటాడుతుంది. ఆడది బిళ్లలాంటి తెల్లటి గుడ్ల సంచిని ఒంటి కింద పట్టుకు తిరుగుతుంది. బూజు కర్రతో దీనికి పని లేదు.
- గోడ మీద గెంతుతూ తిరిగే చిన్నది: ఇదీ వల కట్టదు. వదిలేయండి.
- గోడ గుంటల్లో, మూలల్లో తపాలా బిళ్లంత తెల్లటి పలచని పొర: కింద రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న సాలీడు ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.
- పెరట్లో మొక్కల మధ్య చక్రంలాంటి వల: ఇంట్లోకి రాదు. ముట్టుకోకండి.
- గోడకు అతుక్కున్న దోసగింజలాంటి బూడిదరంగు సంచి, రెండు చివర్లా తెరుచుకుని ఉండేది: ఇది సాలీడు గుడ్డు కాదు, ఒక చిమ్మట పురుగు ఇల్లు. అది తినేవాటిలో పాత బూజు కూడా ఉంది. ఇవి ఎక్కువగా కనిపిస్తుంటే ఆ గదిలో నెలలుగా దులపని బూజు ఎక్కడో ఉందన్నమాట. వెతకండి.

## 2. అసలు బూజు ఎలా అవుతుంది

పెరట్లో చక్రంలాంటి వల కట్టే సాలీళ్లలో చాలావరకు పాత వలను తామే తినేసి కొత్తది కడతాయి. ఇంట్లో పొడుగుకాళ్లది ఆ శుభ్రత పాటించదు. ఉన్నదానికే పోగులు కలుపుతూ పోతుంది, లేదా దాన్నలా వదిలేసి జానెడు పక్కన ఇంకొకటి మొదలెడుతుంది. వదిలేసిన దారాలకు దుమ్ము, పొయ్యి పొగ, దోమల రెక్కలు అంటుకుని నల్లగా వేలాడితే అదే బూజు. అంటే నల్లటి బూజు ఉన్నచోట సాలీడు ఉండకపోవచ్చు. కంటికి ఆనని కొత్త తెల్ల దారాలున్న చోటే అది ఉంటుంది. ఈ తేడా తర్వాతి అంచెలో అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి గుడ్లది. ఈ సాలీడు గుడ్లను గూట్లో పెట్టి పోదు. పదుల సంఖ్యలో గుడ్లను పలచని దారంతో ముద్దగా చుట్టి నోటితో కరుచుకుని తిరుగుతుంది. మీరు గూడు దులిపితే తల్లి గుడ్లతో సహా తప్పుకుంటుంది. వెచ్చటి వాతావరణంలో గుడ్లు రెండు వారాలు అటూ ఇటూగా పిల్లలవుతాయి. పిల్లలు కొద్ది రోజులు తల్లి దగ్గరే ఉండి తర్వాత చెదిరిపోతాయి. వారంలో బూజు తిరిగి వస్తే తల్లి దొరకలేదని, నెల తిరిగేసరికి ఇల్లంతా చిన్న చిన్న గూళ్లు కనిపిస్తే పిల్లలు చెదిరాయని అనుకోవచ్చు.

## 3. ముందురోజు రాత్రి: టార్చితో గస్తీ

పగటి వెలుతురులో కొత్త దారాలు కనపడవు. రాత్రి గదిలో లైటు ఆర్పి, టార్చిని గోడకు ఎదురుగా కాకుండా గోడ వెంబడి ఏటవాలుగా పట్టండి. దారాలు వెండి గీతల్లా మెరుస్తాయి. సాలీళ్లు కూడా ఆ వేళకే గూడు మధ్యకొస్తాయి.

చూడాల్సిన చోట్లు:

- నాలుగు పై మూలలు, ఫ్యాను కప్పు చుట్టూ
- అటక లోపల, సజ్జాల అడుగున
- మంచాల కింద, సోఫా వెనక, బీరువాకూ గోడకూ మధ్య
- పటాల వెనక, కర్టెన్ రాడ్డు చివర్లు
- బాత్రూమ్ వెంటిలేటర్, గీజర్ వెనక, సింకు కింది అర
- మెట్ల అడుగు, మోటారు గది, కరెంటు మీటరు పెట్టె

తెల్ల దారం కనిపించిన ప్రతి మూల కింద నేల మీద సుద్దముక్కతో చిన్న గుర్తు పెట్టండి. సాలీడు కళ్లబడితే గుర్తుకు సున్నా చుట్టండి. మర్నాడు ఏ మూలలో గ్లాసు పట్టుకోవాలో ఇది చెబుతుంది. నేల మీదో గోడ మీదో బూడిదరంగు సన్న చుక్కలు, ఎండిన దోమలు రాలి ఉంటే టార్చి లేకుండానే తెలుస్తుంది, వల సరిగ్గా పైనే ఉంటుంది.

## 4. సామాన్లు

కర్ర. పదడుగుల స్లాబుకు ఆరడుగుల కర్ర సరిపోతుంది. చేయెత్తితే మిగతాది అందుతుంది. కర్ర మరీ పొడుగైతే చివర అదుపు తప్పుతుంది, ఫ్యాను రెక్కకు తగులుతుంది. డ్యూప్లెక్స్ ఇళ్ల మెట్ల దగ్గరలాంటి ఎత్తుకు మాత్రం సాగే గొట్టం ఉన్న బూజు కర్ర కొనండి. కొనేటప్పుడు పూర్తిగా సాగదీసి చూడండి. మరలు పట్టు వదిలి ముక్కలు లోపలికి జారుతుంటే వద్దు.

తల. షాపుల్లో గుండ్రటి ప్లాస్టిక్ పీచు తల దొరుకుతుంది. మూలల్లోకి బాగా దూరుతుంది కానీ పీచు గట్టిదైతే సున్నం గోడను గీకుతుంది. కొనేముందు ముంజేతి మీద రాసుకుని చూడండి. తెల్ల గీత పడితే గోడకూ పడుతుంది.

ఇంట్లో చేసుకోవాలంటే వెదురు గడకు మెత్తటి కొండచీపురు కట్టండి. నిటారుగా కాదు, కాస్త వంచి. నిటారుగా కడితే చీపురు కొసలే పైకప్పును పొడుస్తాయి. వంచి కడితే వెడల్పు భాగం కప్పుకు పరుచుకుంటుంది. జానెడు ఎడంగా రెండుచోట్ల బిగించండి. ఒకేచోట కడితే పనిలో చీపురు గిరగిరా తిరుగుతుంది. కొబ్బరి పుల్లల చీపురు దీనికి పనికిరాదు, రంగు గీసుకుపోతుంది.

మిగతావి:

- తలకు గుడ్డ లేదా టోపీ, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు (పైకి చూస్తూ పని చేస్తున్నామని మరవద్దు)
- పరుపులు, సోఫాల మీద కప్పడానికి పాత చీరలు, దుప్పట్లు
- ఫ్యాను రెక్కలకు పాత దిండు గలీబు ఒకటి
- పొడి నూలు గుడ్డలు నాలుగు
- వెడల్పు మూతి గాజు గ్లాసు, పెళ్లి శుభలేఖ అట్ట ఒకటి
- పాత దువ్వెన, పాత పెయింటు బ్రష్షు
- కదలని నిచ్చెన. ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసే అలవాటు మానండి

## 5. గది సిద్ధం చేయడం

పొద్దున ఎనిమిదింటికి మొదలెడితే వెలుతురు బాగుంటుంది, వంట పొగ ఇంకా పైకెక్కదు. శుక్రవారం, మంగళవారం పెద్దవాళ్లు ఎలాగూ ఒప్పుకోరు. ఆదివారమైతే నిచ్చెన పట్టుకోవడానికి మనిషి దొరుకుతాడు.

1. ఫ్యాను ఆపండి. స్విచ్చితో ఊరుకోకుండా ఆ గది ఎంసీబీ దించండి. మధ్యలో ఎవరో ఒకరు ఉక్కగా ఉందని స్విచ్చి వేస్తారు.
2. కిటికీలు తెరవండి, కానీ గాలి గట్టిగా వీస్తుంటే ఒకవైపువే. రెండువైపులా తెరిస్తే రాలిన బూజు పక్క గదిలో తేలుతుంది.
3. తాగునీళ్లు, తిండి పదార్థాలు, పిల్లల బొమ్మలు బయటికి.
4. మంచం, సోఫా గోడకు మూరెడు ఎడంగా జరిపి పాత చీర కప్పండి. చీర అంచు నేలకు ఆనాలి. రాలిన సాలీడు మంచం కిందికి దూరకుండా ఆపేది అదే.
5. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఇంకో గదిలోకి. తడిగుడ్డ పెట్టడం అయ్యాక ఓ గంట ఆగి రావచ్చు.

నేలను ముందే తడపకండి. రాలిన బూజు తడిలో పడితే నల్లటి జిగురులా అంటుకుంటుంది.

## 6. గదుల వరుస

దేవుడి గది, పడక గదులు, హాలు, వరండా, ఆఖర్న వంటగది, బాత్రూమ్. వంటగది చివరికి ఎందుకంటే అక్కడి బూజుకు నూనె జిడ్డు ఉంటుంది. అదే కర్రతో హాల్లోకొస్తే తెల్లగోడ మీద జిడ్డు చార పడుతుంది. దేవుడి గది ముందుండటానికి కారణం భక్తి ఒక్కటే కాదు. అగరుబత్తి పొగ తప్ప జిడ్డు తక్కువ, కర్ర ఇంకా శుభ్రంగా ఉంటుంది.

గదిలో వరుస: పైకప్పు మూలలు, కప్పు అంచులు, ఫ్యాను, లైట్లు, పటాలు, కిటికీ పైభాగం, తలుపు వెనక, సామాను వెనక, నేల. గుమ్మానికి దూరంగా ఉన్న మూలలో మొదలెట్టి గుమ్మం వైపు రండి.

## 7. కర్ర ఎలా పట్టాలి, ఎలా తిప్పాలి

పని చెడేదీ బాగుపడేదీ ఇక్కడే.

బూజును తుడవకూడదు, చుట్టాలి. సేమ్యా ఫోర్కుకు చుట్టుకున్నట్టు. గోడకు కర్ర అదిమి పక్కకు లాగితే దారాలు తెగి రంగుకు అతుక్కుంటాయి. దుమ్ము నల్ల గీతలా మిగులుతుంది. కొత్త ఎమల్షన్ గోడల మీద కనిపించే చారల్లో ఎక్కువభాగం బూజు చేసినవి కావు, మనం చేసినవి.

1. గోడకు బెత్తెడు దూరంలో, వేలాడే బూజు మధ్యలోకి కర్ర తల పోనివ్వండి. గోడను ఇంకా తాకకండి.
2. కర్రను అరచేతుల మధ్య నెమ్మదిగా ఒకేవైపు తిప్పండి. నాలుగైదు చుట్లకు వేలాడే భాగమంతా తలకు చుట్టుకుంటుంది.
3. తిప్పుతూనే మూల వైపు జరపండి. దారాలు గోడకు అతికిన చోట్లు ఇప్పుడు బిగుతవుతాయి. అక్కడ తల కొసను తేలిగ్గా ఆనించి, మూల నుంచి మీవైపుకు లాగండి. గోడ వెంట పక్కకు కాదు.
4. కప్పుకూ గోడకూ మధ్య అంచును ఒకే దిశలో, ఒకే ఊపులో లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దకండి.
5. రెండు మూడు మూలలకోసారి కర్ర దించి తలకు చుట్టుకున్నది దువ్వెనతో తీసి కవర్లో వేయండి. తల నిండిపోతే అది బూజును పట్టడం మాని గోడకు పూయడం మొదలెడుతుంది.

కర్రకు తడి తగలనివ్వొద్దు. "తడి చీపురైతే దుమ్ము లేవదు" అని తడిపేవాళ్లున్నారు. దుమ్ము లేవని మాట నిజమే, అది లేవకుండా గోడకే పట్టేస్తుంది.

మీ తలకు సరిగ్గా పైన దులపకండి. అడుగు వెనక్కి నిలబడి ముందున్న మూలను దులపండి. కళ్లలో పడదు, మెడ కూడా పట్టేయదు.

ఫాల్స్ సీలింగ్ ఉంటే కర్రను ఇంకా తేలిగ్గా పట్టండి. దాచిన లైట్ల గాడిలో బూజు ఎక్కువ, అక్కడ వేడికి పురుగులు చేరతాయి. గాడిలోకి కర్ర పొడిస్తే ఎల్ఈడీ పట్టీ ఊడుతుంది. నిచ్చెనెక్కి పెయింటు బ్రష్షుతో తీయాల్సిందే.

## 8. ఫ్యాను, లైట్లు, పటాలు

ఫ్యాను రెక్కకు దిండు గలీబు తొడిగి, రెండు చేతులతో పైనా కిందా అదిమి కొస దాకా లాగండి. దుమ్మంతా గలీబులోనే పడుతుంది. రెక్కను కిందికి వంచకండి. వంగిన రెక్కతో ఫ్యాను ఊగుతుంది, ఆ తర్వాత నెలల తరబడి కిర్రుకిర్రు. రాడ్డు పైన గిన్నెలాంటి కప్పు లోపల గూళ్లు ఉంటాయి, దాన్ని కిందికి జార్చి పొడి బ్రష్షుతో తీయండి.

లైట్లు చల్లారాకే ముట్టుకోండి, పొడి గుడ్డే వాడండి. మీటరు పెట్టె, ఇన్వర్టర్ దగ్గర లోహపు గొట్టమున్న కర్ర వద్దు. చెక్క పిడి బ్రష్షు వాడండి. మీటరు పెట్టె లోపలికి చేయి పెట్టకండి, బయట మూలలే మన పని.

పటాలు దించి వెనకవైపు చూడండి. అక్కడ బూజుతోపాటు బల్లి గుడ్లూ ఉండొచ్చు.

## 9. వంటగది

ఇక్కడ పొడి కర్ర ఒక్కటే చాలదు. ముందు 7లో చెప్పినట్టే పొడిగా చుట్టి తీయండి, కానీ వేరే తలతో. ఆ తర్వాత టైల్స్ ఉన్నంత మేర లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. రెండోసారి మంచినీళ్ల గుడ్డ, మూడోసారి పొడి గుడ్డ. ఎగ్జాస్ట్ ఫ్యాను వాలు రెక్కలకు జిడ్డు బూజు పట్టి అవి మూసుకోవడం మానేస్తాయి. ఫ్యాను ఆగినప్పుడు ఆ సందులోంచే దోమలొస్తాయి, వాటి కోసం సాలీడొస్తుంది. రెక్కలు విడదీసి అదే నీళ్లలో అరగంట నానబెట్టి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి.

## 10. సున్నం గోడలు, పెంకుటిళ్లు

సున్నం గోడ మీద తడి అసలే వద్దు. మెత్తటి కొండచీపురు తప్ప వేరేది వాడొద్దు. పండగ ముందు సున్నం వేయించే ఇళ్లలో బూజు దులిపిన రోజే సున్నం వేయకండి. దుమ్ము దిగడానికి ఒక రాత్రి వదిలి, పొద్దున గోడలు పొడి చీపురుతో ఇంకోసారి ఊడ్చి వేయించండి. బూజు మీద పూసిన సున్నం పొక్కులుగా లేచిపోతుంది.

పెంకుటింట్లో దూలాల పైభాగం, వాసాల సందులు అందవు. కింద నుంచి కర్రతో పొడిస్తే పెంకులు కదిలి వానాకాలంలో కారతాయి. దూలం వెంబడే, దూలానికి సమాంతరంగా కర్ర నడపండి. పైకి పొడవకండి. పాత ఇళ్ల దూలాల మీద తేలు, కందిరీగ గూడు ఉండొచ్చు, అందుకే టార్చితో ముందే చూసుకోండి. నిండు చేతుల చొక్కా వేసుకోండి.

## 11. గోడ మీద మరక పడిపోతే

- ఎమల్షన్ గోడ, కొత్త నల్ల గీత: తడపకండి. పిల్లలు పెన్సిలు చెరిపే మెత్తటి రబ్బరుతో ఒకవైపే మెల్లగా రుద్దండి. పోకపోతే, పిండేసిన స్పాంజితో అద్దండి, రుద్దకండి. ముందు తలుపు వెనక కనపడని చోట పరీక్షించండి.
- డిస్టెంపర్: నీళ్లు తగిలితే రంగే వస్తుంది. రబ్బరు, పొడి గుడ్డ, అంతే. మిగిలింది వచ్చే పెయింటింగు దాకా ఓర్చుకోవాలి.
- సాలీడు రెట్ట చుక్కలు: ఎమల్షన్ మీద సబ్బునీళ్ల గుడ్డతో రెండు నిమిషాలు అద్ది ఉంచి, మెత్తబడ్డాక తీయండి. గోరుతో గీకితే రంగు ఊడుతుంది.
- దారం గోడకు అతుక్కుని రావట్లేదు: పొడి బ్రష్షుతో మూల నుంచి బయటికి విదిలించండి.

## 12. సాలీడును ఏం చేయాలి

రాత్రి సున్నా చుట్టిన గుర్తుల దగ్గర కర్ర కంటే ముందు గ్లాసు వెళ్లాలి. గ్లాసును సాలీడు కింద నుంచి మెల్లగా పైకి తెచ్చి, పైన శుభలేఖ అట్ట మూయండి. వేలాడుతూ ఉంటుంది కాబట్టి కాలు జారవిడిచినా గ్లాసులోకే పడుతుంది. కాళ్లు పట్టుకుని లాగకండి, ఊడి చేతికొస్తాయి. ఎత్తులో ఉంటే కర్రకు వలతో సహా చుట్టి వెంటనే బయటికి తీసుకెళ్లి విదిలించండి. గది మధ్యలో ఆగితే దారం పట్టుకుని దిగిపోతుంది.

నోట్లో గుడ్ల ముద్ద ఉన్నదాన్ని ముందు పట్టండి. అదొక్కటి తప్పించుకుంటే మిగతా శ్రమంతా వృథా.

ఎక్కడ వదలాలి? మోటారు గది, పశువుల కొట్టం, కట్టెల చావిడి లాంటి నీడపట్టు. ఎండలో వదిలితే బతకదు.

చంపాలా అంటే, మా సలహా వద్దనే. ఇది దోమల్ని తింటుంది. థాయిలాండ్‌లో డెంగీ వ్యాపింపజేసే దోమల్ని వేటాడే జీవిగా 1990ల్లో ఈ జాతి మీదే పరిశోధన జరిగింది. దోమతెరకు బదులు కాదు, దీన్ని నమ్ముకుని దోమతెర తీసేయకండి. కానీ వానాకాలంలో బాత్రూమ్ వెంటిలేటర్లో ఒకటి ఉంటే ఉండనివ్వండి, దాని పాత బూజు మాత్రం నెలకోసారి తీయండి.

## 13. తిరిగి రాకుండా

తేదీలు. పెద్ద దులుపుడు అయిన పదో రోజుకూ పధ్నాలుగో రోజుకూ మధ్య రెండోసారి టార్చి తిప్పండి. మొదటిసారి తప్పించుకున్న తల్లి గుడ్లు పొదిగే సమయం అది. పిల్లలు చెదిరే లోపే దొరుకుతాయి. ఈ రెండో విడతకు ఇల్లంతా కప్పక్కర్లేదు, మూలలు చూస్తే ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత వారానికోసారి పై మూలలు మాత్రం ఐదు నిమిషాలు. సంక్రాంతికి, దసరాకు మాత్రమే దులిపే ఇంట్లో బూజు ఎప్పుడూ ఉంటుంది.

దీపం. తెల్లటి వెలుగు కంటే పసుపుపచ్చ వెలుగుకు పురుగులు తక్కువ వస్తాయి. గుమ్మం పైన, వరండాలో వెచ్చటి రంగు ఎల్ఈడీ బల్బు పెట్టండి. సాయంత్రం లైటు వేసే ముందే మెష్ తలుపులు మూయండి. వేశాక మూస్తే పురుగులు లోపలే ఉండిపోతాయి.

సందులు. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య పగుళ్లు, ఏసీ పైపు రంధ్రం, వెంటిలేటర్ చిరిగిన మెష్. పగుళ్లకు వైట్ సిమెంటు, పైపు రంధ్రానికి పుట్టీ. పిల్ల సాలీళ్లు మెష్ కళ్లలోంచి కూడా దూరగలవు, కాబట్టి సందులు మూయడంలో అసలు ఉద్దేశం దోమల్ని ఆపడమే.

సామాను. అటక మీద ఖాళీ అట్టపెట్టెలు వాటికి సత్రం. దాచక తప్పని పెట్టెలను గోడకు జానెడు ఎడంగా ఉంచితే కర్ర వెనక్కి వెళుతుంది.

## 14. చేయకూడనివి

- సుద్దముక్క మందు గీతలు: నేల మీద నడిచే బొద్దింకకు, చీమకు ఉద్దేశించినవి. దారం మీద వేలాడేది ఆ గీత తొక్కదు.
- పురుగుల స్ప్రే మూలల్లో కొట్టి వదిలేయడం: మందు నేరుగా ఒంటి మీద పడితేనే పనిచేస్తుంది. గోడకు పట్టిన మందు వల్ల పెద్దగా ఫలితం ఉండదు, దీని కాళ్లు గోడను తాకేదే తక్కువ. పైగా తడిసిన బూజు గోడకు అంటుకుంటుంది.
- కిరోసిన్ గుడ్డ, కాగడాతో కాల్చడం: ఎండిన బూజు, కర్టెన్లు, చెక్క దూలాలు. ఇక చెప్పక్కర్లేదు.
- కర్పూరం, నిమ్మతొక్కలు, పుదీనా నూనె: వాసనకు అభ్యంతరం లేదు, కానీ వీటిని నమ్మి దులపడం మానేస్తే మూడు వారాల్లో తెలిసొస్తుంది.

## 15. కుడుతుందా, దద్దుర్లొస్తాయా

పొడుగుకాళ్ల సాలీడు మనిషికి ప్రమాదం కాదు. "లోకంలోకెల్లా విషపుది, కోరలు పొట్టివి కాబట్టి బతికిపోయాం" అన్న మాట బాగా తిరుగుతుంది, అందులో నిజం లేదు.

వానాకాలంలో పొద్దున లేచేసరికి మెడ మీదో చేతి మీదో గీతలా మంటతో ఎర్రగా పొంగితే "సాలీడు పాకింది" అంటారు. చాలాసార్లు అది సాలీడు కాదు. లైటు వెలుగుకొచ్చే నలుపు, నారింజ రంగుల సన్నటి పెంకు పురుగు ఒంటి మీద నలిగితే దాని రసం వల్ల అలా అవుతుంది. ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేయండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడగండి. ఒకవైపే పట్టీలా నీటి పొక్కులు, నొప్పి వస్తే అది సర్పి కావచ్చు. ఆకు పసరు పూసి కాలం గడపకుండా డాక్టరుకు చూపించండి.

అమెరికా, బ్రిటన్‌లలో ఉంటూ బేస్‌మెంట్లలో ఇలాంటిదే చూసేవారికి: అక్కడిది ఎక్కువగా దీని దగ్గరి చుట్టం ఫోల్కస్ ఫలాంజియోయిడిస్. పొట్ట పెట్టెలా కాకుండా పొడుగ్గా ఉంటుంది. తీసే పద్ధతి ఇదే. అయితే అమెరికాలో గ్యారేజీ, కట్టెల గుట్ట దగ్గర నల్లగా మెరిసే గుండ్రటి పొట్ట, దాని అడుగున ఎర్రటి గుర్తు ఉన్న సాలీడు కనిపిస్తే అది బ్లాక్ విడో. అక్కడ చేతి తొడుగులు లేకుండా చేయి పెట్టకండి, బయట ఉంచిన బూట్లు దులిపాకే తొడుక్కోండి.

## 16. పని అయ్యాక

1. కప్పిన చీరలను నాలుగు మూలలూ కలిపి మూటలా ఎత్తి బయట దులపండి. గదిలో దులపకండి.
2. నేల మొదట పొడి చీపురుతో మెల్లగా ఊడ్చి, తర్వాతే తడిగుడ్డ.
3. కవర్లో వేసిన బూజు మూతి కట్టి అప్పుడే పారేయండి. సాలీడు ఏదైనా అందులో ఉంటే రాత్రికి బయటికొస్తుంది.
4. కర్ర తల పొడిగా ఉండగానే దువ్వెనతో దువ్వి, ఆ తర్వాత బకెట్టు నీళ్లలో రెండు చెంచాల బట్టల సబ్బు పొడి కలిపి అరగంట నానబెట్టండి. ఇది ప్లాస్టిక్ తలకు. కొండచీపురును నానబెట్టొద్దు, విదిలించి ఎండలో పెడితే చాలు.
5. తల పూర్తిగా ఎండాక పైకి ఉండేలా నిలబెట్టి, పాత గలీబు తొడగండి. తలుపు వెనక ఊరికే నిలబెట్టిన బూజు కర్రకే బూజు పట్టడం మామూలే.